కుస్తీల స్వర్ణయుగమట!

కుస్తీ యన్నమాట చెవిని బడినంతనే కన్నులు మూసికొని, "ఆ కాలము వేఱు, ఆ మనుష్యులు వేఱు" అని నిట్టూర్చు పెద్దలు మా హొసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నేటికిని కలరు. కింగ్‌కాంగ్, దారాసింగులు గోదాలో తలపడిన దినములే కుస్తీకి స్వర్ణయుగమట! అప్పటి పట్టులన్నియు నిజమైనవట! ఇప్పుడు టెలివిజనులో చూపునదంతయు బూటకమట! వారి కుమారులను కదిలించి చూడుడు. నలుబది దాటిన ఆ గృహస్థులు వేఱొక స్వర్ణయుగమును వర్ణింతురు. 1990 దశకమున తాము బడిసంచులలో దాచుకొన్న మల్లుల బొమ్మచీట్లు, అండర్‌టేకరు నడచివచ్చునప్పుడు ఆరిపోవు దీపములు, అప్పటి డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. - అదియే అసలైనదట. 2002లో పేరు మార్చుకొని డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయిన పిమ్మట చెడిపోయినదట. ఇట్లు ప్రతి తరమువారికిని తమకు మీసములు మొలచునప్పటి కుస్తీయే సత్యము, తరువాతివారి కుస్తీ అసత్యము.

ఈ నిట్టూర్పులను మేము చాలకాలముగా వినుచున్నాము. పెండ్లి పందిళ్లలోను, సంఘపు వార్షికోత్సవములకు ముందు కాఫీ త్రాగుచు కూర్చుండు వేళలలోను ఈ ప్రసక్తి రాక మానదు. పెద్దలమాట గదా యని ఊరకుండుట మర్యాదయే. కాని ఈ విలాపము మూలమున అసలు విషయము మఱుగున పడుచున్నదని తోచుటచేత, ఈ సంచికలో చోటు దొరికినందుకు నాలుగు నిష్ఠురమైన మాటలు వ్రాయుచున్నాము. వారు వగచుచున్నది కంపెనీవారు కట్టిన వేషమును గూర్చి. ఆ వేషమును మోసిన కండను పెంచినది గరిడి. మన పేటలలోని గరిడులు మన కన్నులయెదుటనే మూతపడినప్పుడు ఈ వగచువారిలో ఒక్కరును నోరు విప్పలేదు.

ముందు ఆ స్వర్ణయుగపు సంగతి చూతము. కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా. తూర్పు ఐరోపానుండి వచ్చి, పర్వతమువంటి దేహముతో మన దేశమునందును సింగపూరు, మలయా ప్రాంతములందును గోదాలను అదరగొట్టి, 1970లో కారు ప్రమాదమున గాయపడి మరణించెను. దారాసింగు 1928లో పంజాబున జన్మించెను. 1954లో రుస్తుం-ఎ-హింద్ బిరుదమును, 1959లో కలకత్తాలో కామన్‌వెల్త్ విజేత బిరుదమును పొందెను. 1968లో బొంబాయిలో లౌ థెజ్ అను అమెరికా మల్లుని ఓడించి ప్రపంచ విజేత యనిపించుకొనెను. 1983లో గోదానుండి విరమించి, తరువాత టెలివిజను రామాయణమున హనుమంతుడై ఇంటింటి పూజలందుకొని, 2012లో కన్నుమూసెను. వీరి పోరులను చూచుటకై బస్సెక్కి బెంగుళూరు పోయివచ్చినవారు మా ప్రాంతమున నుండిరి. వారు చెప్పగా విన్నవారు అంతకు పదిరెట్లు. విని విని తామే చూచినట్లు చెప్పువారు ఇప్పటికిని ఉన్నారు.

ఆ పోరులు నిజమా యని అడిగినచో పెద్దలకు కోపము వచ్చును. కాని టిక్కెట్టు పెట్టి ఊరూర తిరుగు కుస్తీ కంపెనీల పద్ధతి దేశదేశముల ఒక్కటియే. 1920 దశకమున అమెరికాలో ఎడ్ లూయిస్, బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అను మువ్వురు కూడి, గంటలకొలది నేలనంటి సాగు కుస్తీని చూచుటకు జనమునకు ఓపిక లేదని గ్రహించిరి. కాలపరిమితి పెట్టిరి, ఎగిరి తన్నుటలు చేర్చిరి, ఎవడు గెలువవలెనో ముందే నిర్ణయించిరి. నేటి టెలివిజను కుస్తీకి తాతలు వారే. 1934లో జాక్ ఫెఫర్ అను కుస్తీల వ్యాపారి తోడివారితో చెడి, ఈ గుట్టునంతయు న్యూయార్కు పత్రికయొకదానికి చెప్పివేసెను. 1989లో అండర్‌టేకరు కంపెనీవారే న్యూజెర్సీ శాసనసభ్యులయెదుట తమది పోటీ కాదు, వినోదమని ఒప్పుకొనిరి. అదియు సత్యముమీది ప్రీతిచేత కాదు. పోటీలపై ఉండు సర్కారు తనిఖీని, పన్నును తప్పించుకొనుటకు! మన పెద్దలు ఈ పత్రికలను చదువకపోయిరి సరే, లెక్కయైనను వేయరాదా? గోదా త్రాళ్లమీదుగా బయటికి విసరబడి నడుము విఱిగినట్లు పడిన మనుష్యుడు, కొన్ని దినములకే మఱియొక ఊరిలో అదే ప్రత్యర్థితో, అదే పగతో, అదే గర్జనతో ఎట్లు నిలుచును? నడుము విఱిగినవాడు నాటువైద్యుని అరుగుమీద గదా ఉండవలసినది!

అయినను, అదంతయు మోసమని ఒక్కమాటతో కొట్టివేయు యువకులతోను మేము ఏకీభవింపము. మా ప్రాంతమున ధర్మరాజు గుడులయొద్దను ద్రౌపదమ్మ గుడులయొద్దను భారతము జరుగును. పగలు కథాశ్రవణము, రాత్రి వీధినాటకము, కడపటి దినమున నేలపై మట్టితో మలచిన మహాకాయుడైన దుర్యోధనుడు. భీమ వేషధారి ఆ తొడను గదతో పగులగొట్టువఱకు ఊరంతయు ఊపిరి బిగబట్టి చూచును. గెలుచువాడెవ్వడో తెలియనివారు ఆ గుంపులో చంటిబిడ్డలు తప్ప ఉండరు. అయినను దానినెవ్వరైన మోసమందురా? అనరు. ఏలయన అక్కడ ఎవ్వడును "నేడు దుర్యోధనుడు గెలిచినను గెలువవచ్చును" అని చాటింపు వేయలేదు. నాటకమాడుటలో దోషము లేదు. నాటకమును పోటీ యని చెప్పి రూపాయి పుచ్చుకొనుటలో నున్నది. ఆ దోషము కింగ్‌కాంగ్ కాలమునను ఉండెను, అండర్‌టేకరు కాలమునను ఉండెను. కావున అది సత్యయుగము, ఇది కలియుగము అను విభజన నిలువదు.

మఱి రెండు కాలములకును భేదమే లేదా? ఉన్నది. ఆ భేదము గోదాలో లేదు, గోదాకు వచ్చిన మనుష్యులు ఎక్కడనుండి వచ్చిరన్నదానిలో నున్నది. దీనికొక కథ కలదు. 1925లో అమెరికా వ్యాపారులు వేన్ మన్ అను ఫుట్‌బాలు ఆటగానికి ప్రపంచ విజేత బిరుదము కట్టబెట్టిరి. వానికి నిలువెత్తు దేహమున్నది గాని కుస్తీ రాదు. ఆ ఏడు ఏప్రిలులో వానిచేతిలో ఓడవలసినదిగా స్టానిస్లాస్ జిబిస్కో అను పోలెండు మల్లునికి ఏర్పాటు చేసిరి. జిబిస్కో గోదాలో దిగిన పిమ్మట ఏర్పాటును తప్పి, ఆ విజేతను నిజముగనే పట్టి, మాటిమాటికి నేలకు అణచివైచెను. వ్యాపారులు నోరు తెఱచి చూచుచుండిరి. బొంకు ఎంత దట్టముగా పేర్చినను, దాని క్రింద నిజమైన పట్టు తెలిసినవాడొకడున్నచో ఏదో ఒకనాడు అది బయటపడును. ఆ జిబిస్కోయే 1910లో లండనులో మన గామాతో తలపడి, రెండు గంటలకు పైగా నేలను కఱచుకొని పడియుండి, వారము దినముల పిమ్మట జరుగవలసిన రెండవ పోరునకు రాకయే పోయెను. 1928లో పాటియాలాలో గామా వానిని ఒక నిమిషమైనను నిండకుండ వెల్లకిల పడవైచెను. గామా వచ్చినది కంపెనీనుండి కాదు, మట్టినుండి. దారాసింగును పంజాబు అఖాడాల మట్టినుండియే వచ్చెను. కంపెనీ వేషము అతనికి తరువాత కట్టినది. లౌ థెజ్ వంటివాడు అతనిని నిజమైన మల్లుడని ఒప్పుకొనుటకు కారణము అదియే.

ఉత్తరదేశమువారు అఖాడా యనుదానిని మనము గరిడి యందుము. మన కన్నడ సోదరులు గరడిమనె యందురు. బెంగుళూరు పాతపేటలలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. కరగ ఉత్సవమునకు కత్తి పట్టు వీరకుమారులు వాటిలోనే సాము నేర్చుట ఆచారము. హొసూరునకు ఆ పేటలు ఇరువదియైదు మైళ్ల దూరమే. గరిడి యెట్లుండునో నేటి పిల్లలకు తెలియదు గావున కొంచెము విస్తరించి వ్రాయుట అవసరము. వాకిలి పొట్టి, ఎంతటివాడైనను తల వంచి లోనికి పోవలసినదే. లోపల నేల వీధికంటె పల్లము. నడుమ ఎఱ్ఱమన్ను. ఆ మన్ను వీధిలోని మన్ను కాదు. రాయిఱప్ప లేకుండ జల్లెడ పట్టి, నూనె, మజ్జిగ, పసుపు పోసి కలిపి, అడుగు పెట్టినచో మెత్తగా దిగునట్లు పదును చేసినది. గోడమీద ఆంజనేయుడు, మూలను గదలు, రాతిగుండ్లు. శిష్యుని మొదటి విద్య పట్టు కాదు, పార. తెల్లవాఱక మునుపే వచ్చి మన్నంతయు త్రవ్వి తిరుగవేయవలెను. దానితోనే సగము సాము అయిపోవును. తరువాత దండీలు, బస్కీలు. వాని నడుము నిలిచినదని వస్తాదు తలచిననాడు గాని జోడీని ఇయ్యడు. ఒకని చేయి పట్టి వీపుమీదుగా విసరుట, కాలిలో కాలు మెలివేసి పడద్రోయుట, పడినవాడు బోర్లగిల నేలనంటి తప్పించుకొనుట - ఇవన్నియు ఏండ్లమీద అబ్బు విద్యలు. రెండు భుజములును మన్నున కంటినచో ఓటమి. అంతియే చట్టము. లేచిన పిమ్మట ఓడినవాని వీపుమీది మన్నును గెలిచినవాడు తుడుచుట మర్యాద.

అక్కడ కులమును, మతమును వాకిటనే చెప్పులతో విడువవలసియుండెను. వస్తాదు ముసల్మానైన గరిడిలో ఆంజనేయునికి దీపము పెట్టువాడు ఆ వస్తాదే యగుట మా ప్రాంతమున వింత కాదు. గరిడిలోని మాటలు చూడుడు: వస్తాదు, కుస్తీ, లంగోటీ, జోడీ - ఇవన్నియు ఉత్తరాదినుండి, పారసీకమునుండి నడచివచ్చినవి. సాము, పట్టు, జబ్బ, జెట్టి మనవి. రెండును కలిసి ఒక మట్టిలో దొర్లి మన తెలుగైనవి. నేటి శుద్ధభాషాభిమానులకు ఈ సంగతి రుచింపకపోవచ్చును.

జెట్టి యనుమాట వచ్చినది గావున మన చరిత్రను గూర్చి ఒకమాట. బలవంతుని జగజెట్టి యని మనము పొగడుదుము గాని, జెట్టులెవరో మఱచితిమి. 1909లో అచ్చయిన తన గ్రంథమున థర్‌స్టన్ దొర జెట్టులను తెలుగు మల్లులుగా వర్ణించినాడు. వారు మల్లవిద్యతోపాటు నరముల నొప్పులకు మర్దనము చేయువారట. తంజావూరున తమిళుల నడుమ నుండియు తెలుగే మాటలాడువారట. ఆ రాజుల దినములలో ఖజానాకును నగల గదులకును కావలి కాచినవారట. చదువరులారా, ఇది గమనింపదగినది. పరభాషల నడుమ స్థిరపడి, తమ విద్య మూలమున తమ భాషను నిలుపుకొన్న తెలుగువారు! మనవలె సంఘములు పెట్టలేదు, తీర్మానములు చేయలేదు, సంచికలు అచ్చువేయలేదు.

మైసూరు రాజభవనమున విజయదశమినాడు జెట్టుల వజ్రముష్టి పోరు ఆచారముగా జరుగుట నేటికిని కలదు. తలలు గొఱిగించుకొని, చేతికి ములుకుల పిడి తొడిగి, ఇరువురు తలపడుదురు. తలమీద మొదటి నెత్తుటిబొట్టు చిందగనే పోరు ఆగును. ఇది నిన్నమొన్నటిది కాదు. పదునాఱవ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన నూనిజ్ అను పోర్చుగీసువాడు, మహర్నవమి యుత్సవమున రాజుగారియెదుట మల్లులు మొనలుగల కడియములవంటివి చేతులకు తొడిగి కొట్టుకొనుటను, గాయపడినవానికి పట్టుబట్ట బహుమానమిచ్చుటను వ్రాసిపెట్టెను. కుస్తీ పట్టు స్త్రీలును రాజుగారి కొలువున నుండిరని అతడే వ్రాసెను. ఈ సంగతిని మన పెద్దలు జ్ఞాపకముంచుకొనగోరుచున్నాము. దీనితో మాకు తరువాత పని కలదు. మన తాతముత్తాతలలో పెక్కుమంది ఈ సీమకు వచ్చినది ఆ విజయనగర కాలమునను, దాని వెనుకటి పాళెగాండ్ర కాలమునను గదా.

కోడి రామమూర్తిగారిని ఇక్కడ తలచుకొనకపోయినచో దోషము. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమున పుట్టి, సర్కసు కట్టి దేశమంతయు తిరిగి, గొలుసులు త్రెంచి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని, కలియుగ భీముడనిపించుకొన్న మహనీయుడు, 1942లో గతించెను. ఆయన పటములకు మన సభలలో పూలదండలు వేయుదుము. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామము నేర్పినవాడన్నమాటను మాత్రము ఉపన్యాసకులు చెప్పరు. బలము ప్రదర్శించినవాడు కావలెను గాని బలము నేర్పినవాడు మనకు అక్కఱలేదు!

ఇక ఆ స్వర్ణయుగముననే జరిగిన మఱియొక సంగతి. 1952లో హెల్సింకి ఒలింపిక్సున ఖాశాబా జాధవ్ అను మహారాష్ట్ర యువకుడు కుస్తీలో కంచు పతకము గెలిచెను. స్వతంత్ర భారతమున ఒంటరిగా పోటీచేసి ఒలింపిక్ పతకము తెచ్చిన మొదటివాడు అతడే. అతడు కరాడు ప్రాంతపు మట్టిలో దొర్లి పెరిగినవాడు. పయనపు ఖర్చులకు డబ్బు లేక ఊరూర చందాలు అడుగవలసివచ్చెను. అతని కళాశాల ప్రిన్సిపాలు తన ఇంటిని తాకట్టుపెట్టి ఏడువేల రూపాయలు ఇచ్చెను. తిరిగివచ్చిననాడు ఊరివారు నూటయేబదియొక్క ఎడ్లబండ్లతో ఎదురేగిరి. తరువాత? పోలీసు శాఖలో కొలువు చేసి, 1984లో ప్రమాదమున మరణించెను. అర్జున పురస్కారము అతడు పోయిన పదునైదేండ్లకు పైబడి గాని రాలేదు. కింగ్‌కాంగ్ పోరులకు టిక్కెట్టు దొరకక జనము తొక్కిసలాడుచున్న ఆ దశకమే ఇది! స్వర్ణయుగమును తలచి కంట తడిపెట్టు పెద్దలను జాధవ్ పేరు చెప్పుమని అడిగి చూడుడు. పదిమందిలో ఒక్కరు చెప్పినచో మేము సంతోషింతుము. ఆ కాలముననే, 1954లో, హమీదా బాను అను వనిత బరోడాలో ఒక పురుష మల్లుని రెండు నిమిషములలోపల ఓడించెను. ఆమెకు దక్కినవి పలుచోట్ల రాళ్లు, ఈలలు. ముసలితనమున పాలు అమ్ముకొని బ్రదికెను. ఇది బంగారమైనచో ఇత్తడి యేదియో మాకు తెలియదు.

నిజమైన కుస్తీకి వెలుగు వచ్చినది ఈ కాలముననే యనుట మా వాదము. జాధవ్ పిమ్మట ఏబదియాఱేండ్లు మన మల్లులకు ఒలింపిక్సున ఏమియు దక్కలేదు. 2008లో సుశీల్ కుమార్ కంచు తెచ్చెను. 2012లో అతడే వెండి, యోగేశ్వర దత్తు కంచు. 2016లో సాక్షీ మలిక్ కంచు. 2021లో జరిగిన టోకియో క్రీడలలో రవి దహియా వెండి, బజరంగ్ పూనియా కంచు. 2024లో పారిసున అమన్ సెహ్రావత్ కంచు. అయిదు ఒలింపిక్సులు, ఒక్కటియు వట్టిచేతుల పోలేదు. ఆ పారిసుననే వినేశ్ ఫోగట్ తుదిపోరు వఱకు వచ్చి, నూఱు గ్రాముల బరువు ఎక్కువైనదని అనర్హురాలైన దినమున దేశమంతయు అన్నము మానినంత పనియైనది. అదియును మా పేటలోని పెద్దలలో కొందఱు, "ఆడుది కుస్తీ పట్టుటయేమి, కాలము చెడినది" అనిరి. వారికి నూనిజ్ చూచిన విజయనగరమునే బదులుగా చెప్పుచున్నాము. కాలము చెడినదని చెప్పునప్పుడు ఏ కాలము చెడినదో నిర్ణయించుకొనవలెను.

ఈ పతకములలో ఒక్కటియు మన తెలుగు పేటలనుండి రాలేదు. ఏల రాలేదు? ఉత్తరాది ఊళ్లలో అఖాడాలు నిలిచినవి, మన గరిడులు పోయినవి. మా జిల్లా పేరు రెండుమార్లు మారినది: 1965 వఱకు సేలము, తరువాత ధర్మపురి, 2004నుండి కృష్ణగిరి. మూడు జిల్లాల ముద్రలును తాలూకా దస్తరములమీద పడినవి గాని, గరిడి యనునది ఏ దస్తరముననైనను ఒక పంక్తిగానైన చేరలేదు. లేనిదానిని మూయుటకు ఉత్తరువు అక్కఱలేదు గదా. 1970 దశకమున సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చినది. ఫ్యాక్టరీకి రాత్రి వంతు చేసివచ్చినవాడు తెల్లవాఱుజామున పార పట్టలేడు, అతనిని తప్పుపట్టము. కాని నేలకు ధర వచ్చిన పిమ్మట గరిడి స్థలమును అంగళ్లకు అద్దెకిచ్చినవారు ఫ్యాక్టరీ కూలీలు కారు, మన పెద్దలే. మా పేటలోని గరిడిలో ఇప్పుడు ద్విచక్ర వాహనముల విడిభాగములు నిలువ చేయుదురు. ఆ పల్లపు నేలను సిమెంటుతో పూడ్చి వీధితో సమము చేసినారు. పొట్టివాకిలిని తీసి ఇనుప షట్టరు పెట్టినారు.

"గరిడికి పోవువాడు రౌడీ యగును" అని పిల్లలను ఆపిన తండ్రులు మఱియొక కారణము. ఎన్నికల దినములలో కొందఱు కండబలము అమ్ముకొన్నమాట నిజమే. అందుచేత గరిడినే మూయవలెనన్నచో, కలము అమ్ముకొన్నవారు కలరని బడులనును మూయవలెను. గరిడికి వంక పెట్టిన ఆ తండ్రులే మనుమలను నెలకు వేలు పోసి అద్దముల జిమ్ములకు పంపుచున్నారు. అక్కడ ఒకని దేహము నొకడు తాకడు. ఎదుట నుండునది తన బొమ్మయే. ఆ కండ చూచుటకు బాగుండును. ఎదుటివాడు మెడపట్టినప్పుడు ఏమి చేయవలెనో దానికి తెలియదు.

టెలివిజను చంపినదనువారును కలరు. జనము పట్టుపట్టినచో ఏదియు చావదు. 2023 ఫిబ్రవరిలో ఎద్దులను పరుగెత్తించు పండుగకు అనుమతి ఆలస్యమైనదని మా ప్రాంతపు యువకులు బెంగుళూరు రాజమార్గమును అడ్డగించిరి. రాళ్లు రువ్వుటను మేము మెచ్చము. కాని ఎద్దుకై నిలిచినవారు ఉండిరన్నది సత్యము. గరిడికై చిన్న వినతిపత్రమైనను ఎవ్వరును వ్రాయలేదు.

సంఘపు పెద్దలు ఒక ఆక్షేపణ తెత్తురని మాకు తెలియును: "భాషయే నిలువని ఈ దినములలో కుస్తీ యెందుకయ్యా?" 2006నాటి చట్టముచేత తమిళము ఒకటవ తరగతినుండి నిర్బంధ పాఠ్యమై, 2016నాటికి పదవ తరగతి పరీక్ష వఱకు వచ్చినది. తెలుగు బడులకై మన సంఘములు పడిన శ్రమ గొప్పది; దానిని తగ్గించి మాటలాడము. కాని బడిలో నేర్చిన తెలుగును పిల్లవాడు వీధిలో ఎవరితో మాటలాడును? చెమట పట్టు చోట, తిట్టు తినుచోట, "ఒరేయ్, నడుము వంచు, కాలు వెనుకకు తీయి" అని వస్తాదు అఱచుచోట మాట దేహములోనికి దిగును. తంజావూరు జెట్టులకు ఆ భాష నిలిచినది అట్టి చోటనే యని మా నమ్మకము. మన వార్షికోత్సవములలో తెలుగు, వేదికమీద రెండు గంటలు వినబడి, భోజనాల పందిటిలోనే కన్నడముగాను తమిళముగాను ఇంగ్లీషుగాను మారిపోవుచున్నది.

మట్టిలో నేర్చినవాడు చాపమీది పోటీలకు పనికిరాడన్న మఱియొక ఆక్షేపణ కలదు. జాధవ్ ఎక్కడ నేర్చెను? మట్టి పునాది, చాప మేడ. పదునాలుగేండ్లు వచ్చినవానిని చాపకు మార్చవలెను. అందుకు జిల్లా క్రీడాశాఖవారిని అడుగవలెను. అడుగుటకు మనయొద్ద ముందు పిల్లలుండవలెను.

ఏటేట మన సంఘములు శాలువలకును, జ్ఞాపికలకును, ఫ్లెక్సీ పటములకును వెచ్చించు సొమ్మును కోశాధికారులు ఒకసారి కూడి చూతురుగాక. ఒక్క సంవత్సరము శాలువలు మానినచో, హొసూరున ఒకటి, కృష్ణగిరిలో ఒకటి, రేకుల పందిరి వేసి రెండు గరిడులు ఆరంభింపవచ్చును. స్థలము కొనవలదు, గుడి వెనుకనో, తోటలోనో అద్దెకు చాలును. మన్ను కొనవలసిన పనియే లేదు, మా నేలంతయు ఎఱ్ఱమన్నే. జల్లెడ, పారలు, నూనె, మజ్జిగ. బెంగుళూరు పాతపేటలలోనో మైసూరులోనో ఇంకను పట్టులు తెలిసిన ముసలి వస్తాదులు ఉన్నారు. వారిలో తెలుగు వచ్చినవారు దొరకకపోరు. వారు పోయిన పిమ్మట పుస్తకము చూచి నేర్చు విద్య కాదిది. తెల్లవాఱుజామున మగపిల్లలకు, బడి వదలిన పిమ్మట ఆడపిల్లలకు వేళలు ఏర్పఱుపవలెను. ఆడపిల్లలకు నేర్పుటకు ఒక స్త్రీని కుదుర్చుట ముఖ్యము. అది లేక తల్లులు పంపరు. వస్తాదును మాత్రము వార్షికోత్సవమున వేదికమీద కూర్చుండబెట్టి శాలువ కప్పి పంపివేయు పని పెట్టుకొనవలదు. ఆయనకు నెలనెల ఒకటవ తేదీన జీతము ఇయ్యవలెను, రసీదు పుచ్చుకొనవలెను.